సిలబస్‌లో అచ్చు కాని ప్రీరిక్విజిట్లు: ఈసెట్ ద్వారా సీఎస్‌ఈ రెండో సంవత్సరంలో చేరిన విద్యార్థినికి సమాధానం

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, పాలిసెట్ రాసి, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ఇంజనీరింగ్ డిప్లొమా పూర్తి చేశాను. డిప్లొమా చదివినవారికి బీటెక్ ప్రవేశ పరీక్ష అయిన ఈసెట్‌లో మంచి ర్యాంకు రావడంతో జేఎన్‌టీయూ హైదరాబాద్‌కు అనుబంధంగా ఉన్న ఒక కళాశాలలో బీటెక్ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) రెండో సంవత్సరంలో నేరుగా చేరాను. మాది ఆర్22 రెగ్యులేషన్ (2022 సిలబస్). జావా, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు), ల్యాబులు నాకు ఇబ్బంది కాలేదు. కానీ మొదటి సెమిస్టర్‌లో కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్ తప్పాను. రెండో సెమిస్టర్‌లో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. సిలబస్ పుస్తకంలో సబ్జెక్టుల పైన రాసి ఉండే ప్రీరిక్విజిట్లు (ముందే చదివి ఉండవలసినవి) చూసుకుంటే, డిప్లొమాలో అన్నీ చదివినట్టే కనిపిస్తోంది. అయినా తరగతిలో 'ఇది మీకు తెలిసిందే కదా' అని సార్ ముందుకు వెళ్లిపోయిన ప్రతిచోటా నేను ఆగిపోతున్నాను. వచ్చే సెమిస్టర్‌లో డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ ఆల్గారిథమ్స్ ఉంది. తర్వాత మెషిన్ లెర్నింగ్, ఆటోమేటా, చివరి ఏడాది కంపైలర్ డిజైన్ వస్తాయి. ప్రీరిక్విజిట్లు పేరుకేనని, పాత ప్రశ్నపత్రాలు చదివితే చాలని సీనియర్లు అంటున్నారు. ఈ సెలవుల్లో నేను ఏం చదవాలి? మొదటి సంవత్సరం పుస్తకాలన్నీ మొదటి పేజీ నుంచి చదవాలా? అసలు ఈ బ్రాంచి తీసుకోవడమే పొరపాటా?

సమాధానం: మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను, ఎందుకంటే అది మనసులో ఉన్నంతకాలం మిగతావేవీ ఎక్కవు. బ్రాంచి ఎంపికలో పొరపాటేమీ లేదు. జావా, డీబీఎంఎస్ సాఫీగా సాగి, స్టాటిస్టిక్స్, డిస్క్రీట్ మాత్రమే అడ్డుపడ్డాయంటే, లోటు ఎక్కడుందో ఆ రెండు సబ్జెక్టులే చూపిస్తున్నాయి. అది మీ తెలివిలో లోటు కాదు. మీరు నడిచి వచ్చిన దారిలో లేని కొన్ని అధ్యాయాల లోటు. ఆ అధ్యాయాలు ఏవో పేరుపేరునా చెప్పవచ్చు, అవి ఒక సెలవుల్లో పూర్తి చేయగలిగినంతే ఉన్నాయి.

సిలబస్ పుస్తకంలో డేటా స్ట్రక్చర్స్ పైన 'ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్' అని ఉంటుంది, ఆల్గారిథమ్స్ పైన డేటా స్ట్రక్చర్స్ అని ఉంటుంది. విశ్వవిద్యాలయం అక్కడ ఎక్కువగా తాను బోధించే సబ్జెక్టులనే రాస్తుంది. విద్యార్థి ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ చదివి వచ్చాడన్న విషయం ఈ సబ్జెక్టుల పైన రాయదు, ఎందుకంటే నాలుగేళ్ల కోర్సులో చేరేవారందరూ అలాగే వస్తారు. డిప్లొమా చదివినవారు ఆ రెండేళ్ల ఇంటర్‌ను పక్కనుంచి దాటి వస్తారు. మీ సహాధ్యాయులు ఇంటర్ మొదటి సంవత్సరం గణితం 1ఏలో ప్రమేయాలు, గణితానుగమనం చదివారు. రెండో సంవత్సరం 2ఏలో ప్రస్తారాలు-సంయోగాలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు చదివారు. మీరు ఈసెట్ కోసం చదివిన గణితంలో మాత్రికలు, త్రికోణమితి, అవకలనం, సమాకలనం, అవకలన సమీకరణాలు, లాప్లాస్ పరివర్తనలు ఉన్నాయి గానీ, పైన చెప్పిన అధ్యాయాలు లేవు. ఎలక్ట్రికల్, మెకానికల్ శాఖలకు మీ డిప్లొమా గణితం చక్కగా సరిపోతుంది. కంప్యూటర్ సైన్స్‌కు కావలసినది వేరే భాగం, సరిగ్గా ఆ భాగమే మీకు దక్కలేదు. 'ఇది మీకు తెలిసిందే కదా' అని మీ అధ్యాపకులు అన్న సందర్భాలను గుర్తు తెచ్చుకోండి. వాటిలో ఎక్కువ భాగం ఈ అధ్యాయాల్లోనివే అయి ఉంటాయి.

అందువల్ల మొదటి సంవత్సరం పుస్తకాలన్నీ తిరగేయవలసిన పని లేదు. ఆర్డినరీ డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ అండ్ వెక్టర్ కాల్క్యులస్ అనే సబ్జెక్టు మీరు చదవలేదని బాధపడుతూ ఉండవచ్చు. మీరు లేఖలో పేర్కొన్న సబ్జెక్టుల్లో ఏ ఒక్కటీ రోజువారీగా దాని మీద ఆధారపడదు కాబట్టి నిస్సంకోచంగా వదిలేయండి. మ్యాట్రిసెస్ అండ్ కాల్క్యులస్‌లో కొంత భాగం మెషిన్ లెర్నింగ్‌కు కావాలి, దాని సంగతి తర్వాత చెబుతాను. ఈ సెలవుల్లో మీ బల్ల మీద ముందుగా ఉండవలసినవి ఇంటర్ 1ఏ, 2ఏ పాఠ్యపుస్తకాలు. తెలుగు అకాడమీ వీటిని తెలుగు మాధ్యమంలోనూ ప్రచురించింది. పదో తరగతి దాకా తెలుగులో గణితం చదివిన మీరు కొత్త భావనను మొదట తెలుగులో అర్థం చేసుకుని, ఆ తర్వాత ఇంగ్లిష్ పుస్తకంలో అదే అధ్యాయాన్ని చూడండి. భావన, భాష రెండూ ఒకేసారి కొత్తవైతే ఏది అర్థం కావడం లేదో కూడా తెలియదు.

ఇక ఆల్గారిథమ్స్ సంగతి. మీ లేఖలో అన్నిటికన్నా దగ్గర్లో ఉన్న ప్రమాదం ఇదే కాబట్టి కొంత విస్తరంగా రాస్తున్నాను. సిలబస్‌లో దీనికి డేటా స్ట్రక్చర్స్ ప్రీరిక్విజిట్ అని ఉంటుంది. నా దృష్టిలో దీనికి అంతకన్నా పెద్ద ఆధారం డిస్క్రీట్ మ్యాథమెటిక్స్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆల్గారిథమ్స్ కోర్సు అయిన సీఎస్ 170 తీసుకోవాలంటే డేటా స్ట్రక్చర్స్ చెప్పే సీఎస్ 61బీతో పాటు, డిస్క్రీట్ గణితమూ సంభావ్యతా కలిపి చెప్పే సీఎస్ 70 కూడా ముందే చదివి ఉండాలని కోర్సు వివరాల్లోనే రాస్తారు. మన దగ్గర డిస్క్రీట్ రెండో సంవత్సరంలోనే వస్తుంది కాబట్టి వరుస సరిగానే ఉంది. అయితే అత్తెసరు మార్కులతో గట్టెక్కినా ముందుకు పంపిస్తారు, ఆ అత్తెసరు వెనుక ఏ అధ్యాయం రాలేదో ఎవరూ అడగరు. ఆ ప్రశ్న మీరే అడుక్కోవాలి.

పది సంఖ్యలను బబుల్ సార్ట్‌తో క్రమంలో పెట్టాలంటే ఎన్ని పోలికలు అవసరమో లెక్కించండి. మొదటి దఫాలో 9, తర్వాత 8, ఆ తర్వాత 7, అలా 1 వరకు కూడితే 45. పది మంది ఉన్న గదిలో ప్రతి ఇద్దరూ ఒకసారి కరచాలనం చేసుకుంటే జరిగే కరచాలనాలు కూడా 45, ఎందుకంటే పదిలో రెండింటిని ఎంచుకునే విధానాల సంఖ్య అదే. పది శీర్షాల్లో (బిందువుల్లో) ప్రతి రెండింటినీ ఒక అంచుతో (గీతతో) కలిపిన సంపూర్ణ గ్రాఫ్‌లో అంచులూ 45. ఒకే సంఖ్య మూడు చోట్ల రావడం యాదృచ్ఛికం కాదని సంయోగాల అధ్యాయం చదివినవారికి వెంటనే తడుతుంది. లేనివారు మూడు వేర్వేరు సూత్రాలను కంఠస్థం చేస్తారు. సంఖ్యలు 1000 అయితే పోలికలు 4,99,500 అవుతాయి. అదే వెయ్యి సంఖ్యలను మెర్జ్ సార్ట్‌తో క్రమపరిస్తే సుమారు 10,000తో సరిపోతుంది. ఆ పది వేలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడండి. వెయ్యిని సగానికి సగం చేస్తూ పోతే పదిసార్లలో ఒకటికి చేరతాము, ఎందుకంటే రెండును పదిసార్లు గుణిస్తే 1024 వస్తుంది. ఒక్కో మెట్టులో వెయ్యి అంశాలనూ ఒకసారి తాకుతాము. మెట్లు పది, మెట్టుకు వెయ్యి. ఆల్గారిథమ్స్ పుస్తకంలో పేజీల కొద్దీ కనిపించే 'ఎన్ లాగ్ ఎన్' అంటే ఇదే. సంవర్గమానం అంటే పట్టికలో చూసుకునే విలువగా కాకుండా 'ఎన్నిసార్లు సగం చేయవచ్చు' అన్న ప్రశ్నకు జవాబుగా ఒకసారి మనసుకు పడితే, బైనరీ సెర్చ్, బైనరీ ట్రీ ఎత్తు, హీప్ అన్నీ ఒక్క కుదురు నుంచి వచ్చినవని తెలుస్తుంది.

గణితానుగమనం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. ఒక ప్రవచనం ఒకటికి నిజమని చూపి, కె అనే సంఖ్యకు నిజమైతే కె+1కు కూడా నిజమవుతుందని చూపి, అన్ని సహజ సంఖ్యలకూ నిజమని తేల్చే పద్ధతి అది. మీరు జావాలో రాసిన రికర్సివ్ ఫంక్షన్ (తనను తానే పిలుచుకునే ఫంక్షన్) కూడా అచ్చంగా ఇదే ఆకారంలో ఉంటుంది. చిన్న సమస్యకు నేరుగా జవాబు, పెద్ద సమస్యకు అంతకన్నా చిన్న సమస్య జవాబును నమ్మి ముందుకు సాగడం. రికర్షన్ నడిచే తీరును కాగితం మీద అడుగడుగునా రాసి చూసి కూడా 'ఇది ఎందుకు పని చేస్తుంది' అన్న అనుమానం తీరని విద్యార్థులు చాలామంది ఉన్నారు. వారికి రావలసింది ప్రోగ్రామింగ్ కాదు, అనుగమనం. ఆల్గారిథమ్స్‌లో డివైడ్ అండ్ కాంకర్, డైనమిక్ ప్రోగ్రామింగ్ రెండూ దీని మీదనే నిలబడతాయి. గ్రీడీ పద్ధతి సరైన జవాబే ఇస్తుందని నిరూపించడానికీ ఇదే ఆలోచన కావాలి. సాధన కోసం, ఎన్ శీర్షాలున్న ట్రీలో అంచులు ఎన్-1 మాత్రమే ఉంటాయని అనుగమనంతో నిరూపించండి. ఆ తర్వాత ఒక బైనరీ ట్రీలో నోడ్‌ల సంఖ్యను లెక్కపెట్టే రికర్సివ్ ఫంక్షన్ రాయండి. రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

మీ బలం గురించి కూడా చెప్పాలి. డిప్లొమాలో సీ భాష, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ చదివి, మూడేళ్లు ల్యాబుల్లో గడిపిన మీకు ప్రోగ్రామింగ్‌లో మీ సహాధ్యాయుల్లో చాలామంది కంటే ఎక్కువ చేతి అలవాటు ఉంటుంది. అయితే ఆ బలాన్ని ఒకసారి పరీక్షించుకోండి. ఏ పుస్తకమూ చూడకుండా సీలో సింగ్లీ లింక్డ్ లిస్ట్‌ను తిరగేసే ఫంక్షన్, బైనరీ సెర్చ్ ట్రీ నుంచి రెండు పిల్లలున్న నోడ్‌ను తొలగించే ఫంక్షన్ రాయగలిగితే డేటా స్ట్రక్చర్స్ విషయంలో మీకు దిగులు అక్కర్లేదు. రాయలేకపోతే, మార్కుల మెమోలో ఏ గ్రేడు ఉన్నా, ఆ సబ్జెక్టు మీకు ఇంకా ప్రీరిక్విజిట్‌గా సమకూరలేదనే అనుకుని ఒక వారం దానికి కేటాయించండి.

కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్ తప్పడానికి కారణం ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. ఆ సబ్జెక్టు సంభావ్యతతో మొదలై, యాదృచ్ఛిక చలరాశులు, విభాజనాల మీదుగా ప్రతిచయనానికి, పరికల్పనల పరీక్షకు వెళ్తుంది. మీ తోటివారికి మొదటి భాగం 2ఏలో చదివినదాని పునశ్చరణ. బైనామియల్, పాయిజాన్ విభాజనాలు వారికి ఇంటర్‌లోనే పరిచయం. మీకు మొదటి రోజు నుంచే కొత్త పాఠం, అదీ వారి వేగంతో. 2ఏలోని రెండు అధ్యాయాలను లెక్కలు చేస్తూ పూర్తి చేసి ఆ పుస్తకాన్ని మళ్లీ తెరిస్తే, అది అప్పటి పుస్తకంలా కనిపించదు.

వాటిలో నియత సంభావ్యత, బేయీ సిద్ధాంతం మీద ఎక్కువ సమయం పెట్టండి. మీకు 1000 సందేశాలు వచ్చాయనుకుందాము. వాటిలో 100 మోసపూరితమైనవి, 900 మంచివి. 'బహుమతి' అనే మాట మోసపు సందేశాల్లో 60లో, మంచివాటిలో 30లో ఉంది. ఇప్పుడు ఆ మాట ఉన్న కొత్త సందేశం మోసపూరితం కావడానికి సంభావ్యత ఎంత? ఆ మాట ఉన్నవి మొత్తం 90, వాటిలో మోసపువి 60, కాబట్టి మూడింట రెండు వంతులు. మెషిన్ లెర్నింగ్‌లో నైవ్ బేయీ వర్గీకరణ అని చెప్పేది ఈ లెక్కనే, ఒక మాటకు బదులు అనేక మాటలతో. మోసపు సందేశాల్లో ఆ మాట ఉండే అవకాశం 60 శాతం, ఆ మాట ఉన్న సందేశం మోసం అయ్యే అవకాశం సుమారు 67 శాతం. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని స్పష్టంగా తెలియనివారు మెషిన్ లెర్నింగ్‌లో ప్రోగ్రాములు నడపగలరు గానీ, వచ్చిన ఫలితం ఏమి చెబుతోందో వివరించలేరు.

మెషిన్ లెర్నింగ్‌కు మిగిలిన ఆధారాలు మాత్రికలు, అవకలనం. ఇక్కడ మీ డిప్లొమా మీకు తోడు వస్తుంది. పాక్షిక అవకలనం మీరు చదివారు. గ్రేడియంట్ డిసెంట్ అంటే దోషాన్ని కొలిచే ప్రమేయానికి ఒక్కో చలరాశి దృష్ట్యా పాక్షిక అవకలజాలు కనుక్కుని, దోషం తగ్గే దిశలో చిన్న చిన్న అడుగులు వేయడమే. న్యూరల్ నెట్‌వర్క్‌లలో బ్యాక్ ప్రొపగేషన్ అని చెప్పేది సంయుక్త ప్రమేయాల అవకలనానికి మీరు వాడిన గొలుసు సూత్రాన్ని పొర తర్వాత పొరగా వర్తింపజేయడం. మీకు లేనిది ఐగన్ విలువల భాగం. అది మ్యాట్రిసెస్ అండ్ కాల్క్యులస్‌లో ఉంటుంది. మొదటి సంవత్సరం చదువుతున్న ఎవరి దగ్గరైనా ఆ పుస్తకం తీసుకుని మాత్రిక కోటి, ఐగన్ విలువలు, ఐగన్ సదిశలు ఉన్న భాగం చదివితే డేటాను తక్కువ చలరాశుల్లోకి కుదించే ప్రిన్సిపల్ కాంపోనెంట్ అనాలిసిస్ దగ్గర ఆగిపోరు. అయితే ఇది ఈ సెలవుల పని కాదు, మెషిన్ లెర్నింగ్ మొదలయ్యే ముందు వచ్చే విరామంలో చేసుకోవచ్చు.

నెట్‌వర్క్స్‌కు ప్రత్యేకంగా చేయవలసిందేమీ లేదు. రూటింగ్ అధ్యాయంలో అతి దగ్గరి దారి కనుక్కునే డైక్‌స్ట్రా పద్ధతి మళ్లీ ఎదురవుతుంది, అప్పటికి ఆల్గారిథమ్స్‌లో దాన్ని చూసే ఉంటారు.

ఆటోమేటా, కంపైలర్ డిజైన్ల బంధం మాత్రం ప్రత్యేకమైనది. సబ్జెక్టుల మధ్య సంబంధం ఇంత సూటిగా ఉండే జంట మన సిలబస్‌లో మరొకటి లేదని నా అభిప్రాయం. ఆటోమేటాలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌ను (పదాల నమూనాను) ఎన్‌ఎఫ్‌ఏగా, దాన్ని డీఎఫ్‌ఏగా, అంటే అక్షరాలను ఒక్కొక్కటిగా చదివి పదాన్ని గుర్తించే యంత్ర నమూనాలుగా మార్చడం నేర్పుతారు. కంపైలర్ మొదటి దశ అయిన, ప్రోగ్రామును పదాలుగా విడదీసే లెక్సికల్ అనలైజర్ తయారయ్యేది ఆ మార్పిడితోనే. కాంటెక్స్ట్ ఫ్రీ గ్రామర్లు, పుష్‌డౌన్ ఆటోమేటా నేర్పుతారు. రెండో దశ అయిన, వాక్య నిర్మాణాన్ని పరీక్షించే పార్సర్ స్టాక్‌ను పట్టుకుని చేసే పని అదే. ఆటోమేటాను బొమ్మలు గీసి మార్కులు తెచ్చుకునే సబ్జెక్టుగా చదివి, ఆరు నెలల్లో మర్చిపోయి, కంపైలర్‌లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడం చాలామంది చేసే పని. మీరు ఆటోమేటా చదివేటప్పుడే, గుర్తించవలసిన పదాలుగా జావాలోని ఐడెంటిఫయర్లను, సంఖ్యలను తీసుకుని డీఎఫ్‌ఏ గీసి, దాన్ని ప్రోగ్రాముగా రాయండి. కంపైలర్ డిజైన్‌లో ఒక పెద్ద భాగం అప్పుడే అయిపోతుంది. ఆటోమేటాకు కావలసిన ముందు చదువు సమితులు, సంబంధాలు, ప్రమేయాలు, నిరూపణ పద్ధతులు, అంటే డిస్క్రీట్ మొదటి అధ్యాయాలు. ఏ దారిలో వెళ్లినా అక్కడికే చేరుతున్నామని గమనించి ఉంటారు. చివరి ఏడాది క్రిప్టోగ్రఫీలో ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి కూడా శేషాల అంకగణితం, యూక్లిడ్ గసాభా పద్ధతి లేకుండా అర్థం కాదు.

సెలవులు ఆరు వారాలు ఉన్నాయనుకుని చెబుతున్నాను. మొదటి రెండు వారాలు ఇంటర్ పుస్తకాలకు ఇవ్వండి. గణితానుగమనం, ప్రస్తారాలు-సంయోగాలు పూర్తిగా, ప్రమేయాల అధ్యాయంలో అన్వేక, సంగ్రస్త ప్రమేయాల వరకు చదవండి. తర్వాతి రెండు వారాలు మీ డిస్క్రీట్ పుస్తకాన్నే మళ్లీ తెరిచి లాజిక్, రికరెన్స్ సంబంధాలు (ముందు పదాల నుంచి తర్వాతి పదాన్ని చెప్పే సూత్రాలు), గ్రాఫులు చదవండి. ప్రతి రికరెన్స్‌కూ సరిపోయే చిన్న రికర్సివ్ ప్రోగ్రాము రాసి, ఎన్నిసార్లు పిలుపు జరిగిందో లెక్కపెట్టించండి. చివరి రెండు వారాలు సంభావ్యతకు. రోజుకు మూడు గంటలు చాలు, కానీ ఆ మూడు గంటల్లో ఎక్కువ భాగం చేతిలో పెన్ను ఉండాలి. అధ్యాయం చివరి లెక్కలు చేయకుండా పరిష్కారాలు చదివితే, తరగతిలో మీకు జరిగినదే ఇంట్లోనూ జరుగుతుంది. పాఠం వినాలనిపిస్తే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ మీద ఐఐటీ అధ్యాపకుల ఉపన్యాసాలు ఉచితంగా దొరుకుతాయి.

సీనియర్ల మాటలో ఒక పాలు నిజం ఉంది. పాత ప్రశ్నపత్రాలు చూడకుండా సెమిస్టర్ పరీక్షకు వెళ్లమని నేనూ చెప్పను. బ్యాక్‌లాగ్ తీర్చుకోవడానికి అవి తప్పకుండా పనికొస్తాయి. కానీ పాత ప్రశ్నపత్రం ఆ ఒక్క సబ్జెక్టునే దాటిస్తుంది, దాని మీద ఆధారపడిన తర్వాతి సబ్జెక్టుకు ఏమీ మిగల్చదు. డిస్క్రీట్‌లో మీకు జరిగింది అదే అయి ఉండవచ్చు. రేపు ఎంటెక్ ప్రవేశానికి గేట్ రాయాలనుకున్నా, కంప్యూటర్ సైన్స్ పేపర్‌లో 100 మార్కులకు సుమారు 13 ఇంజనీరింగ్ మ్యాథమెటిక్స్‌కు ఉంటాయి. అందులో డిస్క్రీట్, సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా ముఖ్యమైనవి. ఆల్గారిథమ్స్, ఆటోమేటా ప్రశ్నలు దానికి అదనం. ఉద్యోగాల కోసం కంపెనీలు పెట్టే కోడింగ్ పరీక్షల్లోనూ పాత ప్రశ్నలు అక్షరం మారకుండా రావు.

తరగతులు మొదలయ్యాక మీ అధ్యాపకులతో ఒకసారి విడిగా మాట్లాడండి. 'నేను డిప్లొమా నుంచి వచ్చాను, ఇంటర్ గణితం చదవలేదు, ఈ అధ్యాయాలు సెలవుల్లో చదివాను, ఆల్గారిథమ్స్‌కు ఇంకా ఏం కావాలి' అని అడగండి. 'నాకు లెక్కలు రావు' అని చెబితే ఎవరూ సాయం చేయలేరు, ఫలానా అధ్యాయం చదవలేదని చెబితే సాయం చేయడం ఎవరికైనా తేలిక. మీ కళాశాలలో ఈసెట్ ద్వారా చేరినవారు మరికొందరు తప్పక ఉంటారు, వారి లోటు కూడా ఇదే. నలుగురైదుగురు కలిసి అడిగితే వారానికి ఒక గంట అదనపు తరగతి ఏర్పాటు చేయడం విభాగాధిపతికి పెద్ద పని కాదు. స్టాటిస్టికల్ మెథడ్స్ సప్లిమెంటరీని వాయిదా వేయకుండా వచ్చే మొదటి అవకాశంలోనే రాయండి. సంభావ్యతను సెలవుల చివరి రెండు వారాల్లో పెట్టమన్నది, చదివినది తాజాగా ఉండగానే ఆ పరీక్షకు వెళ్లగలరనే.